వెర్దిక్కియో: షాపులో కొనడం దగ్గర్నుంచి కంచం పక్కన పెట్టే దాకా

చేపకి వైట్ వైన్, మాంసానికి రెడ్ వైన్ అని ఎవరో చెప్పిన ఒక్క ముక్క పట్టుకుని వెర్దిక్కియో అనే ఇటలీ వైట్ వైన్ బాటిల్ మొదటిసారి కొన్నాను. అప్పుడు ఇటలీలోని కమెరీనోలో చదువుకుంటున్నాను. బాగా చల్లగా ఉండాలి కదా అని బాటిల్‌ని డీప్ ఫ్రీజర్‌లో పడేసి, అన్నం వండుకుని, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతూ దాని సంగతే మర్చిపోయాను. తీసేసరికి సగం గడ్డకట్టి కార్క్ ఒక వేలెడు పైకి లేచింది. కరిగించి తాగితే ఐస్ నీళ్లలో నిమ్మచెక్క కడిగినట్టుంది, అంతే. దీనికోసమా ఇంత గొప్పలు చెప్పుకుంటారు అనుకున్నాను. నెల తర్వాత కింద ఇంటి పెద్దావిడ భోజనానికి పిలిచి, అదే వైన్‌ని ఒక మోస్తరు చల్లదనంలో, వేయించిన ఆలివ్‌లతో ఇచ్చింది. అప్పుడర్థమైంది, తప్పు వైన్‌ది కాదని.

ఈ వైన్‌లో పట్టుకోవాల్సినవి రెండే. మొదట నాలుక మీద పడే పులుపు, మింగాక చివర్లో మిగిలే కాస్త చేదు. చేప, మాంసం అనే లెక్క పక్కన పెట్టి, కంచంలో ఉన్నది ఈ రెండింటితో పడుతుందా లేదా అని చూసుకుంటే చాలు. కింద రాసిందంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

1. ముందు అది ఎక్కడిదో తెలుసుకోండి

బూటు ఆకారంలో ఉండే ఇటలీ మ్యాప్ తీసి కాలి పిక్క వైపు, అంటే తూర్పున ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున మధ్యలో చూస్తే మార్కే అనే ప్రాంతం కనిపిస్తుంది. రాజధాని అంకోనా, ఓడరేవు ఊరు. వెర్దిక్కియో అనేది అక్కడి ద్రాక్ష పేరు, ఆ ద్రాక్షతో చేసే వైన్‌కీ అదే పేరు. వెర్దే అంటే ఇటాలియన్‌లో ఆకుపచ్చ. కాయ బాగా పండినా ఆ పచ్చదనం పూర్తిగా పోదు, గ్లాసులో పోసినప్పుడు కూడా లేత వైన్‌లో, అంటే ఈమధ్యే చేసినదాంట్లో, ఆ ఛాయ లీలగా కనిపిస్తుంది. ఉత్తరాన వెనెతో ప్రాంతంలో త్రెబ్బియానో ది సోవావే అని పిలిచే ద్రాక్ష కూడా ఇదేనని డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. ఒకే మామిడిని ఒక్కో ఊళ్లో ఒక్కో పేరుతో పిలుచుకుంటాం చూడండి, అలాగన్నమాట.

వెర్దిక్కియో వచ్చే చోట్లు రెండు. ఒకటి యేజి అనే ఊరి చుట్టుపక్కల కొండల మీది పల్లెలు, వాటినే కాస్తెల్లి ది యేజి అంటారు, అంటే యేజి కోటలు. ఒకప్పుడు ఆ పల్లెలన్నీ గోడలు కట్టుకున్న కోట ఊళ్లే. (1194లో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి పుట్టింది ఈ యేజిలోనే, అదీ ఊరి నడిబొడ్డున వేసిన గుడారంలో అని చెప్పుకుంటారు. వైన్‌తో సంబంధం లేదు కానీ అక్కడికి వెళ్తే ప్రతివాళ్లూ చెప్తారు, ముందే తెలిస్తే మంచిది.) రెండోది మతేలికా, లోపల కొండల మధ్య ఉంటుంది.

తేడా ఎక్కడొస్తుందంటే, మార్కేలో చాలావరకు నదుల లోయలు పడమటి కొండల నుంచి తూర్పున సముద్రం వైపు తెరుచుకుని ఉంటాయి, సముద్రపు గాలి సులువుగా లోపలికి వస్తుంది. మతేలికా లోయ ఉత్తర దక్షిణాలుగా పడుకుని ఉంటుంది, సముద్రానికి దానికి మధ్య కొండలు అడ్డం. పగలు ఎండ మండినా రాత్రిళ్లు బాగా చల్లబడుతుంది. రాత్రి వేడిగా ఉంటే కాయలో పులుపు తొందరగా తగ్గిపోతుంది, చల్లగా ఉంటే నిలుస్తుంది. అందుకే మతేలికా వైన్ పులుపు ఎక్కువగా, కాస్త బిగుతుగా ఉంటుంది, యేజి వైన్ అంతకంటే మెత్తగా, చనువుగా ఉంటుంది. మొదటిసారి తాగేవాళ్లు యేజితో మొదలుపెట్టండి. నాకైతే మతేలికానే ఇష్టం, ఆ ఊరు కమెరీనోకి దగ్గర కాబట్టి నా మాట కొంచెం పక్షపాతం అనుకోవచ్చు.

2. లేబుల్ చదవడం

ఇది వచ్చేస్తే షాపులో టెన్షన్ సగం తగ్గుతుంది. లేబుల్ మీద మామూలుగా వెర్దిక్కియో దెయి కాస్తెల్లి ది యేజి అనో, వెర్దిక్కియో ది మతేలికా అనో ఉంటుంది. రెండింటికీ 1960ల చివర్లోనే డీఓసీ గుర్తింపు వచ్చింది, అంటే ఏ పొలాల నుంచి, ఏ ద్రాక్షతో, ఎలా చేయాలో చట్టం చెప్తుంది. బాటిల్‌లో కనీసం 85 శాతం వెర్దిక్కియో ఉండాలి, చాలామంది నూటికి నూరు శాతం అదే వాడతారు.

ఆ తర్వాత మూడు మాటలు చూడండి. క్లాసికో అంటే యేజి చుట్టూ ఉన్న పాత, అసలు పల్లెలది. సుపెరియోరే అంటే ఇంకాస్త పండిన కాయతో చేసింది, ఆల్కహాల్ కనీసం 12 శాతం. రిజెర్వా అంటే ఏడాదిన్నర తక్కువ కాకుండా నిలవ ఉంచి అమ్మేది, దానికి డీఓసీకి పైమెట్టు అయిన డీఓసీజీ హోదా కూడా ఉంది. నా సలహా అడిగితే మొదటి బాటిల్ క్లాసికో సుపెరియోరే కొనండి. మామూలు దానికి దీనికి ధరలో తేడా ఇటలీలో రెండు మూడు యూరోలే ఉంటుంది, గ్లాసులో మాత్రం చాలా ఉంటుంది. రిజెర్వాతో మొదలుపెట్టకండి. పాట నేర్చుకోకముందే రాగాలాపన విన్నట్టుంటుంది, బాగుందని తెలుస్తుంది, ఎందుకు బాగుందో తెలీదు.

సంవత్సరం తప్పకుండా చూడండి. మామూలు వెర్దిక్కియో రెండు మూడేళ్లలో తాగేయాలి. కానీ ఈ ద్రాక్షకి ఉన్న పులుపు వల్ల మంచి సుపెరియోరే ఐదారేళ్లు, రిజెర్వా పదేళ్లు దాటినా నిలబడుతుంది. పెద్ద షాపుల్లో ఏ అరలోనో దుమ్ము పట్టిన నాలుగేళ్ల సుపెరియోరే తగ్గింపు ధరకి కనిపిస్తే వదలకండి, నేను అలా రెండుసార్లు అదృష్టం కొట్టాను. అయితే కిటికీ పక్కన ఎండలో నిలబెట్టిన బాటిల్ మాత్రం ఎంత చవకైనా వద్దు.

పేర్లు కావాలంటే, యేజి వైపు విల్లా బుచ్చి రిజెర్వా చాలా పేరున్నది, ధర కూడా అలాగే ఉంటుంది. మతేలికా వైపు కొల్లెస్తెఫానో అని ఒకరున్నారు, కత్తిలాంటి పులుపు. బెలిజారియో అనే రైతుల సహకార సంఘం బాటిళ్లు జేబుకి అందే ధరలో దొరుకుతాయి.

నడుము సన్నగా, వంపులు తిరిగిన ఆకుపచ్చ బాటిల్ కనిపిస్తే అదొక పాత కథ. 1953లో ఫాత్సి బత్తాల్యా అనే సంస్థ కోసం ఆంతోనియో మయోక్కి అనే ఆర్కిటెక్ట్ పాతకాలపు మట్టి కూజా ఆకారంలో దీన్ని గీశాడు. వెర్దిక్కియో ప్రపంచమంతా తెలిసింది ఆ బాటిల్ వల్లే, తర్వాత చాన్నాళ్లు చవక వైన్ అని ముద్ర పడిందీ ఆ బాటిల్ వల్లే. ఇప్పుడు చాలామంది మామూలు బాటిల్‌కి మారిపోయారు. ఇంకో సంగతి, అది ఫ్రిజ్ తలుపు అరలో సరిగ్గా పట్టదు, దొర్లుతుంది.

3. చల్లబరచడం (నేను చేసినట్టు కాదు)

లేత వైన్‌కి 8 నుంచి 10 డిగ్రీలు, సుపెరియోరేకి 10 నుంచి 12, రిజెర్వాకి 12 పైన. మామూలు ఫ్రిజ్ 4, 5 డిగ్రీల్లో ఉంటుంది, అంటే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న బాటిల్ మనకి కావలసిన దానికంటే చల్లగా ఉన్నట్టే. తాగే ముందు బయటపెట్టి పావుగంట ఆగండి, రిజెర్వా అయితే అరగంట.

అంత చల్లదనంలో ఏమవుతుందంటే వాసన పైకి లేవదు, తియ్యదనం, పండు రుచి వెనక్కి పోయి పులుపు, చేదు మాత్రమే ముందుకొస్తాయి. బాగోలేని వైన్‌ని దాచడానికి ఐస్ చల్లదనం పనికొస్తుంది, బాగున్న వైన్‌కి అదే శిక్ష. ఒక హోటల్లో మంచి రిజెర్వాని ఐస్ బకెట్‌లో ముంచి మా బల్ల మీద గంట సేపు ఉంచారు, నేను గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని టీ కప్పులా వెచ్చబెట్టుకుని తాగాల్సి వచ్చింది.

తొందరగా చల్లబడాలంటే బకెట్‌లో సగం ఐస్, సగం నీళ్లు, ఒక గుప్పెడు కల్లుప్పు. 15, 20 నిమిషాలు చాలు. ఉత్త ఐస్ ముక్కలు వేస్తే బాటిల్‌కి అక్కడక్కడే తగులుతాయి, నీళ్లు ఉంటే చుట్టూ పట్టుకుంటుంది. ఫ్రీజర్ జోలికి పోవద్దని మళ్లీ చెప్పనక్కర్లేదనుకుంటా.

4. గ్లాసు, వాసన, మొదటి గుక్క

గ్లాసు గురించి పెద్దగా బెంగ వద్దు. మధ్యలో కాస్త వెడల్పుగా, పైన కాస్త ముడుచుకున్న ఏ గ్లాసైనా సరే. మూడో వంతుకి మించి పోయకండి, మిగతా చోటు వాసనకి.

ముందు ఊరికే వాసన చూడండి. ఆకుపచ్చ ఆపిల్, నిమ్మతొక్క, కాస్త సోంపు, లేత వైన్‌లో మామూలుగా తగిలేవి ఇవి. వయసు మీదపడ్డదైతే తేనె, ఎండిన గడ్డి వైపు పోతుంది. తడిసిన పాత న్యూస్‌పేపర్‌లా, ముక్కిన వాసనలా వస్తే కార్క్ చెడిపోయిందని అర్థం, మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చేయండి, షాపువాళ్లు చాలావరకు మార్చిస్తారు.

ఇప్పుడు గుక్క. వెంటనే మింగకుండా నోట్లో ఒకసారి తిప్పండి. దవడల పక్కన నీళ్లూరతాయి, అది పులుపు. మింగాక ఐదు సెకన్లు ఆగండి. నాలుక వెనక పచ్చి బాదం కొరికినట్టు ఒక సన్నటి చేదు వస్తుంది. చాలామంది మొదటిసారి దాన్నే లోపం అనుకుంటారు. వెర్దిక్కియో సంతకమే అది, అది లేకపోతే నేనైతే అనుమానిస్తాను.

5. కంచంలో ఏముండాలి: వాళ్ల ఊరి తిండి

ఇక్కడే కాస్త తీరిగ్గా కూర్చుందాం. లెక్క సులువు. నూనె, కొవ్వు ఉన్న తిండికి ఈ పులుపు నోరు కడిగినట్టు పనిచేస్తుంది. సోంపు, వెల్లుల్లి, మూలికలు పడ్డ వంటకి ఆ చివరి చేదు తోడవుతుంది. పుల్లటి వంట ఉంటే వైన్ దానికంటే పుల్లగా, కనీసం సమానంగా ఉండాలి, లేకపోతే వైన్ చప్పగా అయిపోతుంది.

మొదటిది ఓలివే ఆల్ అస్కొలానా. అస్కోలి పిచేనో అనే ఊరి పెద్ద పచ్చ ఆలివ్‌ల గింజ తీసి, లోపల మాంసం కూరి, బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయిస్తారు. మన మిరపకాయ బజ్జీల్లా వేడివేడిగా కాగితం పొట్లంలో ఇస్తారు. ఒక ఆలివ్, ఒక గుక్క, మళ్లీ ఆలివ్. దీనికి ఏ రకం వెర్దిక్కియో అయినా సరే, లేతదైతే ఇంకా మేలు.

రెండోది మోషోలి. అంకోనా పక్కన పోర్తొనోవో తీరంలో రాళ్లకి పట్టుకుని తమంతట తాము పెరిగే మస్సెల్స్ అనే గుల్లల్ని అలా పిలుస్తారు. వెడల్పాటి గిన్నెలో ఆలివ్ నూనె, చితక్కొట్టిన వెల్లుల్లి వేసి, కడిగి పీచు లాగేసిన గుల్లలు పోసి, అర గ్లాసు వైన్ చల్లి మూత పెట్టండి. మూడు నాలుగు నిమిషాల్లో నోళ్లు తెరుస్తాయి, తెరవనివి పారేయండి. ఉప్పు వేయకండి, కావలసినంత ఉప్పు ఆ గుల్లల్లోనే ఉంటుంది. అడుగున మిగిలిన రసంలో బ్రెడ్ ముంచుకోవడమే అసలు భోజనం.

మూడోది స్తొక్కాఫిస్సో ఆల్ అంకొనితానా. నార్వే నుంచి వచ్చే కాడ్ చేప, ఉప్పు వేయకుండా గాలికి ఎండబెట్టింది. రోజుల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. గిన్నె అడుగున రెల్లు బద్దలు పరిచి, అంటుకోకుండా వాటి మీద చేప ముక్కలు, టమాటాలు, పైన పెద్ద బంగాళాదుంప ముక్కలు పేర్చి, చూస్తే గుండె ఆగేంత ఆలివ్ నూనె, వెర్దిక్కియో పోసి సన్న మంట మీద గంటలకొద్దీ ఉంచుతారు. గరిటె పెట్టకూడదు, గిన్నె పట్టుకుని ఊపాలంతే. ఇది చెప్తున్నప్పుడు మా అమ్మ చేపల పులుసు గిన్నెని రెండు గుడ్డలతో పట్టుకుని తిప్పడం గుర్తొచ్చి నవ్వొచ్చింది. దీనికి సుపెరియోరే, మతేలికా అయితే ఇంకా మంచిది, ఆ నూనెని తట్టుకోవాలంటే పులుపు గట్టిగా ఉండాలి.

చేపల పులుసు అన్నాం కాబట్టి వాళ్ల చేపల పులుసు బ్రొదెత్తో సంగతి. తీరం వెంట ప్రతి ఊరికీ ఒక రకం. అంకోనాలో పదమూడు రకాల చేపలు పడాలని పట్టుబడతారు, టమాటా, వెనిగర్ వేస్తారు. పోర్తొ రెకనాతిలో టమాటా లేకుండా పసుపుపచ్చగా వండుతారు. సన్ బెనెదెత్తో దెల్ త్రొంతోలో పచ్చి టమాటాలు, క్యాప్సికమ్, వెనిగర్ వేసి పుల్లగా చేస్తారు. ఈ చివరిదే వైన్‌కి పరీక్ష. ఆ పులుపు ముందు మామూలు మెత్తటి వైట్ వైన్ ఏదైనా నీళ్లలా అయిపోతుంది. మతేలికా నిలబడుతుంది.

చేప కానివీ ఉన్నాయి, చేప అనే మాట పక్కన పెట్టమన్నది అందుకే. అడవి సోంపు, వెల్లుల్లి దట్టించి వండే కుందేలు మాంసం, దాన్ని కొనీల్యో ఇన్ పొర్కెత్తా అంటారు, ఈ వైన్‌కి ఇంతకంటే జోడు లేదని నా అభిప్రాయం. వైన్‌లో ఉన్న సోంపు, వంటలో ఉన్న సోంపు ఒకదాన్నొకటి గుర్తుపట్టినట్టుంటాయి. కుందేలు వద్దనుకుంటే కోడి తొడలతో అదే పద్ధతిలో చేయండి. వించిజ్‌గ్రాస్సి అనే మాంసం పొరల పాస్తాకి మాత్రం అందరూ రెడ్ అంటారు, వయసున్న రిజెర్వా కూడా తట్టుకుంటుంది.

శాకాహారులకి సెర్రా దే కొంతి అనే పల్లె గుర్తుపెట్టుకోండి, క్లాసికో ప్రాంతంలోదే. అక్కడ చిచేర్క్యా అనే చిన్న పప్పుతో చిక్కటి సూప్ చేస్తారు. అది మరేదో కాదు, మన కేసరి పప్పు జాతి. కరువు రోజుల్లో అదే తిండిగా నెలల తరబడి తిని కాళ్లు పడిపోయినవాళ్లున్నారు, మన దేశంలో చాలా రాష్ట్రాల్లో ఏళ్లకొద్దీ దాని అమ్మకం మీద నిషేధం ఉండేది. అక్కడేమో అప్పుడప్పుడు, నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, ఒక గిన్నెడు తింటారు. మీరు ఇంట్లో శనగలతో చేసుకోండి, కాస్త రోజ్‌మేరీ, పైన ఆలివ్ నూనె, లేత క్లాసికో. పచ్చి బాకలా (ఫావా చిక్కుడు) గింజలు, గొర్రె పాల పెకొరీనో చీజ్ కలిపి తిన్నా హాయిగా ఉంటుంది.

6. మన వంటలతో

ఇది నేను మా చిన్న వంటింట్లో స్నేహితుల మీద చేసిన ప్రయోగాల ఫలితం, కాబట్టి వాదనకి సిద్ధమే. ముందొక మాట. కారం, ఆల్కహాల్ రెండూ నోట్లో ఒకే మంటని రేపుతాయి, ఒకదానికొకటి ఎక్కిస్తాయి. అందుకే మన కారంతో తాగాలంటే 12 శాతం దగ్గర ఉన్న లేతదే, కాస్త ఎక్కువ చల్లగా.

పెసరట్టు, అల్లం ముక్కలతో: బాగుంది, నేను ఊహించనంత బాగుంది. పల్లీలు వేసిన బెండకాయ వేపుడు, అలసంద వడలు, ఉప్పూ మిరియాలతో వేయించిన వంజరం ముక్క, వీటన్నిటికీ ఆ పులుపు నిమ్మచెక్క పిండినట్టు పనిచేస్తుంది. నిమ్మకాయ పులిహోర కూడా ఫర్వాలేదు, మతేలికా ఉంటే.

చేపల పులుసు దగ్గర వైన్ ఓడిపోయింది. చింతపండు పులుపు, కారం, మెంతిపిండి మూడూ కలిసి వస్తే వెర్దిక్కియో నోట్లో ఉందో లేదో తెలీలేదు. గోంగూర సంగతి చెప్పక్కర్లేదు. ఆవకాయ ముట్టుకుని గ్లాసు ఎత్తితే ఆవఘాటు, ఆల్కహాల్ కలిసి ముక్కులోంచి పొగ. కాకరకాయతో చేదు మీద చేదు. స్వీట్లతో తాగితే వైన్ ఒట్టి పులిసిన నీళ్లే, బొబ్బట్ల రోజు బాటిల్ మూసేయండి.

7. మిగిలితే

కార్క్ వెనక్కి పెట్టి, బాటిల్ నిలబెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు మామూలుగా ఉంటుంది. మతేలికా అయితే రెండో రోజే ఇంకా బాగుంటుంది, గాలి తగిలి బిగుతు తగ్గుతుంది, అందుకని నేను కొన్నిసార్లు కావాలనే ముందురోజు తెరిచి ఒక్క గ్లాసు తాగి ఆపేస్తాను, అంటే ఆపేద్దామనుకుంటాను. నాలుగో రోజు దాటిన అర గ్లాసుని సింకులో పోయకండి. వెల్లుల్లి వేగుతున్న మూకుట్లో పోసి, పచ్చి వాసన పోయేదాకా మరిగించి, గుప్పెడు రొయ్యలు వేసి మూత పెట్టండి.